నిమ్మకాయకు ఏమీ కాలేదు

మా పాపకు మూడేళ్ళు. వెనక్కి నడిచినప్పుడల్లా నోటితో "పీక్... పీక్... పీక్" అంటుంది. మొన్న ఎవరో చుట్టాలు చూసి, పిల్లకు గొంతులో ఏమన్నా అయిందా అని అడిగారు. గొంతులో ఏమీ కాలేదు. అది వాళ్ళ నాన్న ఉద్యోగం.

మా ఆయన ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. మణుగూరు రోడ్డులో, అడవి అంచున, జామాయిల్ కర్రతో ప్లైవుడ్ చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. చెక్క పలకల దొంతర కిందికి తన రెండు ఇనుప కొమ్ములూ దూర్చి, ఎత్తి, లారీ దాకా మోసుకుపోయే బండి అది. వెనక్కి వస్తుంటే పీక్ పీక్ మంటూ అందరినీ తప్పుకోమంటుంది. మా పాప కూడా అంతే, అరుగు మీద నుంచి వెనక్కి దిగేటప్పుడు లోకాన్ని తప్పుకోమంటుంది.

నేను భయస్తురాలిని. డిగ్రీ దాకా చదువుకోవడం వల్ల ఆ భయం తగ్గలేదు, ఒక పద్ధతికి వచ్చిందంతే. పెళ్ళయిన కొత్తలోనే ఫోన్లో వెతికి వెతికి చదివాను. ఈ బండి పక్కకు ఎలా పడుతుంది, పడుతున్నప్పుడు దూకిన డ్రైవరు సరిగ్గా దాని కిందికే ఎందుకు పోతాడు, ఎత్తిన కొమ్ముల కింద నిలబడితే ఏమవుతుంది, బల్బు మార్చడానికి కొమ్ముల మీద మనిషిని ఎక్కించి పైకి లేపితే ఏమవుతుంది. చదివినవన్నీ సాయంత్రం ఆయన బూట్లు విప్పకముందే పరీక్షలో వచ్చేవి.

"ఇయ్యాల కొమ్ముల మీదికి ఎవరన్న ఎక్కిండ్రా, బావా?"

"ఎక్కలే."

"బెల్టు పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న."

"మలుపు కాడ హారన్?"

"కొట్టిన. అన్నం పెడతవా, ఇంటర్వ్యూ ఇంకా ఉందా, మేడం?"

మేడం అనేది నాకు ఆయన పెట్టిన పేరు. నేను మరీ ఎక్కువ ప్రశ్నలు వేసినరోజు 'సార్' కూడా అవుతాను.

ఈ బండి సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది ఆయనే. కారుకు ముందు చక్రాలు తిరుగుతాయి కదా, దీనికి వెనుక చక్రాలు తిరుగుతాయట. నాకు తలకెక్కలేదు. అప్పుడే మా సందులో పక్కింటివాళ్ళ బర్రె ఒకటి మళ్ళుతోంది. "గదో, చూడు," అన్నాడు. "మూతి అటు తిప్పింది. పిర్ర ఎటొచ్చింది? మన గోడకు రాసుకున్నది. మా బండి గూడ గంతే. కుడికి తిప్పితే ముందు కొద్దిగ కుడికి పోతది, వెనుక మాత్రం బాగ ఎడమకు ఊగుతది. దాని పక్కన నిలబడ్డోడు పోయిండు."

ఆ రోజు నుంచి నేను బర్రెలకు కూడా దూరంగా నడుస్తున్నాను.

ఇంత జాగ్రత్తగల ఇంటికి దెబ్బ ఎప్పుడు తగలాలి? దసరా ఆయుధపూజ రోజు తగిలింది. యంత్రం వల్ల ఎవరికీ ఏ కీడూ జరగకూడదని యంత్రానికే దండం పెట్టే రోజున.

ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు. ఆడవాళ్ళను, పిల్లలను రానిస్తారు. మా అత్తమ్మ మోకాళ్ళ నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది. నేను పాపను ఎత్తుకుని వెళ్ళాను. షెడ్డు గుమ్మం బయట బూట్లన్నీ గుడి ముందు చెప్పుల్లా వరుసగా ఉన్నాయి. ముందు భాగంలో ఇనుప రేకు ఉండే బూట్లు అవి. మామూలు రోజుల్లో అవి లేకుండా పసుపు గీత దాటితే సూపర్‌వైజరు గొంతు చించుకుని అరుస్తాడు. ఆ రోజు ఆయనే అందరికంటే ముందు విప్పాడు. లోపల అమ్మవారి పటం ఉంది, బండికి బంతిపూల దండ ఉంది, కొమ్ములకు పసుపు రాసి బొట్లు పెట్టారు. బూట్లతో ఎవరు వెళ్తారు? ఏడాది పొడుగునా బూట్ల గురించి అడిగే నేను, మా ఆయన సాక్సులు కూడా విప్పి వస్తుంటే ఏమడిగానో తెలుసా? "కాళ్ళు కడుక్కున్నవా?" అని.

పూజలో పెద్ద మనిషి హమాలీ మేస్త్రి. తల్లాడ వైపు మనిషి. మా ఆయన చేరిన కొత్తలో ఆయన దగ్గరే లోడింగ్ పని నేర్చుకున్నాడు, కాకా అని పిలుస్తాడు. కాకా చెయ్యి మంచిదని ఫ్యాక్టరీ అంతటికీ నమ్మకం. కొత్త మోటారు బిగించినా, కొత్త లారీ వచ్చినా, ముందు ఆయన చెయ్యి పడాలి. అందుకే ప్రతి దసరాకు ఫోర్క్‌లిఫ్ట్ సీటు మీద ఆయనే కూర్చుంటాడు. మా ఆయన పక్కనే నిలబడి, స్టీరింగ్ మీద తనూ ఒక చెయ్యి వేసి, బండిని జానెడు కదిలించేవాడు. చక్రాల కింద నిమ్మకాయలు టప్పున పగిలేవి. అందరూ చప్పట్లు కొట్టి పులిహోర తినేవాళ్ళు.

ఈసారి బండి కొత్తది, బ్యాటరీది. చప్పుడు చెయ్యదు. కాకా సీటెక్కి తాళం తిప్పి, కాసేపు చెవి పెట్టి విన్నాడు.

"సప్పుడేది బిడ్డా? ఇది బండా, బీరువానా?"

"స్టార్టయింది కాకా. ఆగు, నేను గూడ పట్టుకుంట."

"నువ్వేంది పట్టుకునేది? నేను ట్రాక్టరు తోలేటప్పటికి నువ్వింక పుట్టలే. జరుగు."

అందరూ నవ్వారు, నేను కూడా. సరిగ్గా అప్పుడే వెనుక చక్రం కింద పెట్టిన నిమ్మకాయ పక్కకు దొర్లింది. మా ఆయన దాన్ని సరిచెయ్యడానికి వంగాడు. "ఆగు కాకా" అన్నాడు. కాకా అప్పటికే తొక్కాడు. ఎదురుగా కొబ్బరికాయల పళ్ళెం ఉంది. దానికి తగలకుండా ట్రాక్టరు మీద ఎలా తిప్పుతాడో అలా చక్కగా కుడికి తిప్పాడు. పళ్ళెం నిజంగానే వెంట్రుకవాసిలో తప్పింది, ఎవరో "శభాష్" అని కూడా అన్నారు. బండి వెనుక భాగం మాత్రం మా సందులో బర్రెలాగే ఎడమకు ఊగింది. చక్రం అంచు మా ఆయన కుడికాలి బొటనవేలు, దాని పక్క వేలు మీదుగా వచ్చి ఆగింది.

ఆయన అరవలేదు. ఆయన బదులు నేనే అరిచాను.

దానికి కొంచెం ముందు పాప ఆ చక్రం దగ్గరే ఉంది. బంతిపువ్వు కావాలని చెయ్యి చాపుతుంటే గౌను పట్టుకుని వెనక్కి లాగాను. ఏడ్చింది. ఆ ఏడుపు ఇంకా నా చెవిలో ఉంది. పాప నిద్రపోయాక ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి దాని పాదాలు తడిమి వచ్చాను.

భద్రాచలంలో ఎముకల డాక్టరు రెండు వేళ్ళలో తీగలు వేసి కట్టు కట్టాడు. ఎముకలు అతుక్కుంటాయన్నాడు. కానీ వేళ్ళలో బలం ఎంత తిరిగి వస్తుందో కట్టు విప్పితేగానీ చెప్పలేనన్నాడు. ఆయనేం పని చేస్తాడో చెప్పాను. "అంటే బ్రేకు తొక్కే కాలన్నమాట," అని డాక్టరు మళ్ళీ ఒకసారి కట్టు వైపు చూశాడు. ఆ చూపు చూశాక నా భయాలన్నీ పక్కకు తప్పుకుని, ఒక కొత్త భయానికి దారి ఇచ్చాయి. ఆ కాలు బ్రేకు తొక్కకపోతే ఉద్యోగం ఏమవుతుంది?

ఇంటికి రాగానే మా అత్తమ్మ కొడుకును పట్టుకుని ఏడ్చింది. ఏడుపయ్యాక కళ్ళు తుడుచుకుని అడిగింది.

"ఇంతకీ నిమ్మకాయ పగిలిందా, లేదా?"

నేను గుర్తు చేసుకున్నాను. "లేదత్తమ్మా. దానికేం కాలేదు."

"గదే మరి! దాని మీద పోవాల్సింది వీని మీద పోయింది."

తరువాత చూడవచ్చిన ప్రతివాళ్ళూ ఆ నిమ్మకాయ గురించి అడిగారు. దాన్ని ఎవరు తీశారు, ఎక్కడ పడేశారు, కొంపదీసి ఎవరన్నా పులిహోరలో పిండలేదు కదా? కాలు ఎలా ఉందని అడగడం కొందరు మరిచిపోయారు కూడా.

సూపర్‌వైజరు మాత్రం నిమ్మకాయ ఊసెత్తలేదు. ఆపిల్ పళ్ళు తెచ్చి, కుర్చీలో కూర్చుని, చాలాసేపు ఫ్యాను వైపు చూసి, మెల్లగా మొదలుపెట్టాడు.

"చూడమ్మా, ఆ రోజు సెలవు. డ్యూటీనే లేదు. డ్యూటీ లేనప్పుడు ప్రమాదం ఎట్లయితది? ఇంట్ల, బాత్రూంల జారిండని చెప్తే సరిపోతది. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

ఇబ్బంది ఏమిటో నాకు తెలుసు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక బోర్డు ఉంటుంది. ప్రమాదం జరగకుండా ఎన్ని రోజులైందో రోజూ దాని మీద అంకె మారుస్తారు. ఏడాది నిండితే అందరికీ హాట్ బాక్సుల సెట్టు ఇస్తారు. నిండడానికి ఇంక కొద్ది రోజులే ఉన్నాయి. మా కాలనీలో ఆ హాట్ బాక్సులో చపాతీలు పెట్టడం ఊహించుకోని ఆడమనిషి లేదు. నేనూ ఊహించుకున్నాను.

సూపర్‌వైజరు వెళ్ళాక మేమిద్దరం గొడవపడ్డాం. అత్తమ్మకు వినపడకూడదని గుసగుసగా. మేం గుసగుసలాడితే తన గురించేనని ఆమె అనుమానం కాబట్టి, మధ్యమధ్యలో నవ్వుతూ గొడవపడ్డాం.

"బాత్రూం అనే చెప్పుదాం," అన్నాడాయన. "కాకా పేరొస్తే కాకను గేటు బయట పెడ్తరు. నాకు పని నేర్పిన మనిషి."

"మరి నీ కాలు బ్రేకు తొక్కకపోతే?"

"వేళ్ళే గద."

"వేళ్ళతోనే గద తొక్కేది! ఫ్యాక్టరీల దెబ్బ తగిలినోనికి ఫ్యాక్టరీ ఇంకో పనన్న చూపెట్టాలె. బాత్రూంల జారినోనికి ఏం చూపెడ్తరు? సబ్బు చూపెడ్తరు."

నవ్వకూడదని గోడ వైపు తిరిగాడు. కానీ మాట మార్చుకోలేదు. కాకా ఆ పూజ రోజు నుంచీ డ్యూటీకే రావడం లేదని, సొంతూరికి పోయి కూర్చున్నాడని ఎవరో చెప్పారట. "ఆయన్ని ఇంకా ఏం బాధపెడ్తవ్?" అన్నాడు.

రెండు మూడు రోజులకు సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. చిన్న వయసు కుర్రాడు, మా వరండాలోకి కూడా హెల్మెట్‌తోనే వచ్చాడు. పాప ఆయన్ని చూసి వెనక్కి నడుస్తూ పీక్ పీక్ మంది. ఆయన మెచ్చుకోలుగా తలూపాడు.

"దెబ్బ ఎక్కడ తగిలింది?"

"బాత్రూంల సార్," అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా.

"చూడొచ్చా?"

ఇంతవరకూ మా బాత్రూం చూస్తానని అడిగిన అతిథి లేడు. ఆఫీసరు లోపలికి వెళ్ళి, బకెట్టు పక్కకు జరిపి, వంగి, అరిచేత్తో నేలను రుద్దాడు. మాది టైల్స్ కాదు, గరుకు గచ్చు. మడమలు తోముకోవడానికి వేరే రాయి అక్కర్లేదు.

"ఇక్కడ ఎలా జారారండీ?"

"పాకుడు ఉండె సార్. ఆ రోజు."

వరండాలో కూర్చుని నల్లేరు కాడలకు పీచు తీస్తోంది మా అత్తమ్మ. ఎముకలు గట్టిపడతాయని కొడుక్కి రోజూ ఆ పచ్చడే. ఈ బాత్రూం కథ ఆమెకు మేం చెప్పలేదు.

"ఏంది? నా బాత్రూంల పాకుడా?" కత్తిపీట వదిలేసి, మోకాళ్ళ నొప్పి మరిచిపోయి లేచింది. "రోజు పొద్దుగాల బ్లీచింగు ఏసి రుద్దుత నేను! ఏ నోటితోటి అన్నవురా పాకుడని? పదేండ్ల నుంచి ఇంట్ల ఒక్కలు జారలే. సార్, మీరే చెప్పుండ్రి, ఏడుంది పాకుడు?"

"లేదమ్మా, చాలా శుభ్రంగా ఉంది," అన్నాడు ఆఫీసరు నిజాయితీగా.

"మరి? వీడు జారుడేంది? బండి తొక్కింది గద—"

"అమ్మా!" అన్నాడు మా ఆయన.

ఆ సమయానికే వాకిట్లో కాకా నిలబడి ఉన్నాడు. చంకలో నాటుకోడి. ఊరి నుంచి నేరుగా బస్సు దిగి వస్తున్నట్టున్నాడు, తలకు తువ్వాలు కూడా విప్పలేదు. అందరి ముఖాలూ చూసి, ఆఫీసరు హెల్మెట్ చూసి, తనకు కావలసిన మనిషి దొరికాడన్నట్టు ముందుకు వచ్చాడు.

"నమస్తే సార్. మీరే రావాలె. ఏం బండి సార్ అది? ఎడ్లబండి ఉన్నది, ట్రాక్టరు ఉన్నది, ఎటు తిప్పితే అటు పోతయి. ఇదేంది, ముందట కుడికి తిప్పితే ఎనుక ఎడమకు పోతది? గట్లాంటి బండి ఏడనన్న ఉంటదా? దాన్ని జేసినోన్ని ఒక్కసారి పిలిపియ్యండి, నేనడుగుత."

"అంటే," అన్నాడు ఆఫీసరు జాగ్రత్తగా, "సీటు మీద మీరే ఉన్నారా?"

"నేను గాక ఎవరుంటరు సార్?" కాకా ఛాతీ విరిచాడు. "ప్రతి దసరాకు నేనే."

ఆయన చంకలోని కోడి ఏదో అంది. కాకా మా ఆయన ముఖం చూశాడు, కాలి కట్టు చూశాడు, తెరిచి ఉన్న బాత్రూం తలుపు చూశాడు. అప్పుడు అర్థమైనట్టుంది. కోడిని మెల్లగా కిందికి దించాడు. పాప దాని వెంట పరుగెత్తింది.

"బిడ్డా, నా కోసం బాత్రూంల జారినవా?"

మా ఆయన తల దించుకున్నాడు.

"రాసుకోండి సార్," అన్నాడు కాకా. గొంతు తగ్గింది. "వీడు ఆగు కాకా అన్నడు. నాకు ఇనవడ్డది. ఇనవడ్డంక నేను కాలు తీసేటాళ్ళకే బండి పోయింది. చెయ్యి మంచిదే సార్. కాలే..." అని ఆపేశాడు. మా అత్తమ్మ ఆయనకు మంచినీళ్ళ చెంబు ఇచ్చింది. ఇస్తూ, తన బాత్రూం నిర్దోషి అని తేలినట్టే కదా అని ఆఫీసరును మరోసారి అడిగి నిర్ధారణ చేసుకుంది.

మరునాడు గేటు దగ్గర బోర్డు మీద సున్నా పెట్టారు. హాట్ బాక్సులు రాలేదు. కిరాణా దుకాణం దగ్గర ఒకావిడ, "మీ ఆయన కాలుకు తగిలితే మా హాట్ బాక్సు పగిలింది గదనే," అంది. నవ్వుతూనే అంది, కానీ ఆ వారమంతా నాతో వేరే మాట మాట్లాడలేదు. కాకాను పనిలోంచి తీసెయ్యలేదు. షెడ్డులోంచి తప్పించి, కర్ర దిగే యార్డుకు పంపారు. కొత్తగా చేరిన కుర్రాళ్ళ కోసం సేఫ్టీ క్లాసు పెడితే, ఆయన్నీ ముందు వరుసలో కూర్చోబెట్టారట. బండికి వెనుక చక్రాలు ఎందుకు తిరగాలో ఆఫీసరు బోర్డు మీద బొమ్మ వేసి మూడుసార్లు చెప్పినా, కాకా ఒప్పుకోలేదట. "అర్థమైంది సార్. కాని తప్పే," అన్నాడట. పూజలో బూట్లు వేసుకోవాలా వద్దా అనే తగువు మాత్రం ఇంకా నడుస్తోంది. తోలు వస్తువుతో అమ్మవారి ముందుకు ఎలా వెళ్తామని పెద్దవాళ్ళు, రబ్బరు బూట్లయితే తప్పులేదు కదా అని చిన్నవాళ్ళు.

కట్టు విప్పాక డాక్టరు నడవమన్నాడు. ఆయన బాగానే నడిచాడు. కానీ సీటు ఎక్కాలంటే ఫ్యాక్టరీలో పరీక్ష పాసవ్వాలి. ఆ రోజు నేనే స్కూటీ మీద ఆయన్ని తీసుకువెళ్ళాను, పాప ముందు నిలబడింది. ఆఫీసరు యార్డులో ఎర్ర డబ్బాలు వరుసగా పెట్టాడు. మమ్మల్ని పసుపు గీతకు చాలా వెనుక, బెంచీ మీద కూర్చోబెట్టాడు.

మా ఆయన బండి నడపడం నేను అంతవరకూ చూడలేదు. మా ఇంట్లో గ్లాసు పట్టుకుంటే పడేసే మనిషి, అంత పెద్ద బండిని డబ్బాల మధ్య నుంచి ముగ్గుపిండి వదిలినంత సన్నగా తిప్పాడు. నేను ప్రతి మలుపుకూ కళ్ళు మూసుకున్నాను, కాబట్టి సగమే చూశాను. ఆఫీసరు చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆపాడు. బరువు ఎత్తుకున్నాక కూడా ఆపాడు. చివరిసారి ఆపినప్పుడు బండి ఆగింది, కానీ ఆయన దవడ బిగుసుకుంది. పాపకు ఇంజెక్షన్ వేయించేటప్పుడు పాప కంటే ముందు ఆయనకు బిగుసుకునే దవడ అది. నాకు తెలుసు.

దిగి ఇద్దరూ బెంచీ దగ్గరికి వచ్చాక ఆఫీసరు అడిగాడు. "నొప్పి ఉందా?"

"లే..." అంటూ మా ఆయన నా వైపు చూశాడు. ఆఫీసరు ముందు నేనేమనగలను? రోజూ సాయంత్రం గుమ్మంలో చూసినట్టే చూశాను.

"కొంచెం ఉంది సార్," అన్నాడు. "గట్టిగ తొక్కినప్పుడు."

ఆఫీసరు హెల్మెట్ సర్దుకున్నాడు. "అయితే ఇప్పుడే సీటు వద్దు. ఫ్యాక్టరీలో తగిలిన దెబ్బ కాబట్టి అప్పటిదాకా స్టోర్స్‌లో కూర్చోండి, మీ పని మీకే ఉంటుంది. నొప్పి పోయాక మళ్ళీ రండి, మళ్ళీ చూద్దాం."

ఉద్యోగం ఉంది. సీటు లేదు. నేను ఊపిరి వదిలాను, ఆయన ముఖం ముడుచుకున్నాడు. స్కూటీ వెనుక ఎక్కి కూర్చుని, "నువ్వట్ల చూడకుంటే పాసయ్యేటోన్ని," అన్నాడు. ఇంక ఇంటిదాకా నాతో మాట్లాడేది లేదని కూడా చెప్పాడు.

రోడ్డెక్కాను. జామాయిల్ తోటల పక్కన మొదటి మలుపు రాగానే వెనుక నుంచి వినపడింది.

"హారన్ కొట్టు."

కొట్టాను.

"లారీ ఉంది. మెల్లగ. అద్దంల చూడు. పాపను గట్టిగ పట్టుకొమ్మను. ఇండికేటరెయ్యి. గింత స్పీడేంది?"

"నాతోటి మాట్లాడనంటివి గద, బావా."

"మాట్లాడుతలేను," అన్నాడు. "బ్రేకు మీద కాలు పెట్టుకో."

స్కూటీకి బ్రేకు చేతితో అని నేను చెప్పలేదు. పోనీలే అని వేగం తగ్గించాను.